పరిశోధన నైతికతపై ఐదు రోజుల శిక్షణ: హనుమకొండలో చూసినది

పీహెచ్‌డీ విద్యార్థులందరూ పరిశోధన, ప్రచురణ నైతికతపై రెండు క్రెడిట్ల కోర్సు తప్పనిసరిగా చదవాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2019లో నిర్ణయించింది. పీహెచ్‌డీలో చేరకముందే పునాది పడాలన్న ఉద్దేశంతో హనుమకొండలోని ఒక కళాశాల సైన్సు, ఇంజినీరింగు విద్యార్థులకు ఐదు రోజుల శిక్షణ నిర్వహిస్తే, మా ఎం.టెక్. విద్యార్థులు ఆరుగురిని వెంటబెట్టుకొని వెళ్ళాను. రుసుము తలకు 500 రూపాయలు.

మొదటి రోజు నిర్వచనాలతో గడిచిపోయింది. రెండో రోజు బోధకురాలు 28 రోజుల వయసున్న మూడు కాంక్రీటు క్యూబుల బలాలను బోర్డు మీద రాశారు: 31, 30, 22 మెగాపాస్కల్స్. మూడోది సరిగా పోసి ఉండరు, వదిలేసి మిగతా రెండింటి సగటు తీద్దామని మా విద్యార్థి ఒకడు వెంటనే అన్నాడు. సగటుకు 15 శాతం మించి ఏ ఒక్క క్యూబు తేడా చూపినా ఆ నమూనా ఫలితమే చెల్లదని కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుందని ఆమె గుర్తుచేసి, ఆ 22ను కొట్టివేయకుండా, తేదీతో సహా నోటుపుస్తకంలో అందరిచేతా పెన్నుతో రాయించారు. ఇంత సూటిగా ఈ విషయం చెప్పడం నేను ఇదివరకు చూడలేదు.

మూడో రోజు మరీ విలువైనది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో, ఎన్నో సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన సంగతిని చర్చకు పెట్టారు. తర్వాత సంభవించిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదనీ, అయినా సమ్మతి లోపం లోపమేననీ స్పష్టంగా విడదీసి చెప్పారు. పిమ్మట పురుగుమందులు కొట్టే పత్తి రైతుల ఆరోగ్య సర్వే కోసం మా పిల్లలు తెలుగులో సమ్మతి పత్రం రాసి, అక్కడి స్వీపరమ్మకు చదివి వినిపించారు. “వద్దంటే మల్ల దవాఖానల మందులియ్యరా బిడ్డా?” అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే వాక్యం ఆరు పత్రాల్లో ఒక్కదానిలోనూ లేదు.

నాలుగో రోజు మాత్రం నన్ను బాధపెట్టింది. రచనా చౌర్యంపై యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రచనలతో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదని చెప్పిన మరో బోధకుడు, మాటలు మార్చి ఆ అంకె లోపలికి ఎలా రావాలో చూపడానికే పూటంతా వెచ్చించారు. ఇతరుల ఆలోచనను వారి పేరుతో చెప్పడమెలాగో ఎవరూ నేర్పలేదు. ఐదో రోజు పరీక్ష, ధ్రువపత్రాలు.

వచ్చే విడతకూ విద్యార్థులను పంపుతాను. నాలుగో రోజు ఇలాగే ఉంటే, ఆ ఒక్క పూట వాళ్లను మా ల్యాబులోనే కూర్చోబెట్టుకొని మూలాలను పేర్కొనడం నేనే నేర్పుతాను.