లైడెన్ పండగ బంగారం, మేం దిగిన గదే మోసం

నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో అక్టోబర్ 3 పండగకి వెళ్లేవాళ్లు ఊరి మధ్యలో గది మాత్రం తీసుకోకండి. మేం 2024లో తీసుకుని మోసపోయాం. ఒక్క రాత్రికి 168 యూరోలు. యాప్‌లో "మొదటి అంతస్తు, కాలువ పక్కన, ప్రశాంతం" అని రాశారు. తీరా వెళ్తే మూడో అంతస్తు! పాత డచ్చి ఇళ్ల మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. పట్టుకోడానికి రెయిలింగ్ కూడా లేదు, పైనుంచి ఒక తాడు వేలాడుతోంది. మోకాళ్ల నొప్పులతో మా అత్తయ్య ఆ తాడు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించుకుంటూ ఎక్కారు. పైకొచ్చాక మంచం మీద కూర్చుని పావుగంట దాకా మాట్లాడలేదు. ఈలోపు ఓనరు వచ్చి క్లీనింగ్‌కని ఇంకో 25 యూరోలు క్యాష్ అడిగాడు. యాప్‌లో ఆ ఊసే లేదు. పండగ పూట గొడవెందుకని మా ఆయన ఇచ్చేశారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. కింద వీధిలోనే స్టేజీ, ఒంటిగంట దాకా కిటికీ అద్దాలు అదురుతూనే ఉన్నాయి.

పొద్దున ఏడింటికి టౌన్‌హాల్ దగ్గర మేలుకొలుపు సంగీతం. నిద్ర లేకపోయినా వెళ్లాం, వెళ్లడం మంచిదైంది. 1574లో స్పెయిన్ సైన్యం ముట్టడించినప్పుడు ఈ ఊళ్లో వేలమంది ఆకలితో, ప్లేగుతో పోయారు. చివరికి డచ్చివాళ్లు తమ కట్టలు తామే తెంచి పొలాల మీదికి నీళ్లు వదిలారు. అక్టోబర్ 3న ముట్టడి వీడింది, ఆ నీళ్ల మీదుగా పడవల్లో హెర్రింగ్ చేపలు, తెల్ల రొట్టె వచ్చాయి. 450 ఏళ్లయినా ఆ రోజున అవే పంచుతున్నారు. పంచేది డె వాఖ్ అనే పాత తూకపు భవనంలో, పండగ సంఘం సభ్యులకి. ఇక్కడుండే స్నేహితుడు తన వాటా మాకిచ్చాడు. ఉప్పులో ఊరిన పచ్చి చేప, మా ఆయన ఇష్టంగా తిన్నారు.

శాకాహారి అత్తయ్యకి ఏం పెట్టాలా అని టెన్షన్ పడుతూ ఒక చిన్న హోటల్లోకి వెళ్లాం. అక్కడ దొరికింది హుట్స్‌పొట్. స్పెయిన్ సైన్యం వదిలేసి పోయిన శిబిరంలో దొరికిన కుండలోది ఈ వంటేనని చెప్పుకుంటారు. ఇప్పుడు బంగాళాదుంప, క్యారెట్, ఉల్లిపాయ కలిపి ఉడికించి మెదుపుతారు, పక్కన గొడ్డుమాంసం వడ్డిస్తారు. మాంసం వద్దనగానే వంటావిడ వేరే గిన్నె తీసుకొచ్చి, మూత తీసి, అత్తయ్యకి చూపించి మరీ వడ్డించింది. పొగలు కక్కే ముద్ద మధ్యలో చిన్న గుంట, అందులో కరుగుతున్న వెన్న. ఉల్లిపాయ తియ్యగా మగ్గింది. అత్తయ్య మళ్లీ అడిగి వేయించుకున్నారు. ప్లేటు 14.50 యూరోలు, రెండోసారి వడ్డించినదానికి పైసా తీసుకోలేదు.

మధ్యాహ్నం ఊరేగింపు బాగుంది, జాతరలో జనం మరీ ఎక్కువ. పక్కనున్న హేగ్‌లో గది తీసుకుంటే లైడెన్‌కి రైల్లో పావుగంటే. అక్టోబర్ 3 ఆదివారం పడితే పండగ 4న చేస్తారు, చూసుకుని బుక్ చేసుకోండి.

ఇంటికొచ్చాక ఆ మెట్ల ఫోటో, తాడు ఫోటో యాప్‌వాళ్లకి పంపాను. 25 యూరోలు వెనక్కి వేశారు. 168 కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.