ఏడాది ఫీజు లేని క్యాష్‌బ్యాక్ కార్డు: మన గోదారి జిల్లాల ఖర్చుకి ఏది కలిసొస్తుంది?

క్యాష్‌బ్యాక్ కార్డుల (ఖర్చు పెట్టిన దాంట్లో కొంత వెనక్కి ఇచ్చే క్రెడిట్ కార్డులు) మీద వీడియోలు చూస్తే నెలకి లక్ష రూపాయలు గీకేవాడి లెక్కే ఉంటుంది. స్విగ్గీలో ఇంత, ఓలాలో ఇంత, ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లో ఫ్రీగా ఇడ్లీ. మాది పాలకొల్లు. ఇక్కడ ఇంటి ఖర్చులో సగానికి పైగా కార్డు చూపించడానికే వీల్లేని చోట పోతుంది: పాలు, చేపలు, కూరలు, ట్యూషన్ మాస్టారు, పనమ్మాయి జీతం, మాఘమాసం వచ్చిందంటే చదివింపులు. మిగిలిన దాంట్లో కార్డుకి దొరికేది కిరాణా మార్ట్, మందుల షాపు, బట్టలు, ఆన్‌లైన్ ఆర్డర్లు, కరెంటు బిల్లు, ఫోన్ రీచార్జి. అంతే. ఈ చిన్న ఖర్చు మీద ఏ కార్డు ఎంత మిగులుస్తుందో ఎవరూ చెప్పట్లేదు కాబట్టి మా ఇంటి లెక్కే పెడుతున్నాను, మీది దగ్గర దగ్గరగా ఇలాగే ఉంటే పనికొస్తుంది.

నేను పక్కపక్కన పెట్టి చూసినవి మూడు. అమెజాన్ పే ఐసీఐసీఐ, యాక్సిస్ ఏస్, ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్. ఇందులో నిజంగా జీవితాంతం ఫీజు లేనిది మొదటిది ఒక్కటే. ఏస్‌కి ఏడాదికి 499, ఎస్‌బీఐకి 999, వీటి మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 589, 1179 అవుతాయి. రెండింటికీ ఏడాదిలో రెండు లక్షలు వాడితే ఫీజు తీసేస్తారు, అందుకే వీటిని కూడా చాలామంది ఫ్రీ కార్డుల లెక్కలోనే చెబుతుంటారు. పాయింట్లు, వోచర్లు, గిఫ్ట్ కేటలాగులు ఉన్న కార్డుల జోలికి నేను వెళ్లలేదు. పాయింటుకి పావలా వస్తుందా అర్ధ రూపాయి వస్తుందా అని కూర్చుని చూసే ఓపిక నాకు లేదు, ఆ పాయింట్లకి కేటలాగులో చూపించే మిక్సీ నాకు అక్కర్లేదు.

అమెజాన్ పే ఐసీఐసీఐలో అమెజాన్‌లో కొంటే ప్రైమ్ (డబ్బు కట్టి తీసుకునే అమెజాన్ సభ్యత్వం) ఉన్నవాళ్లకి 5 శాతం, లేనివాళ్లకి 3, అమెజాన్ పే ద్వారా బిల్లులు, రీచార్జిలకి 2, బయట మామూలు కొనుగోళ్లకి 1 శాతం. వచ్చేది మాత్రం చేతికి డబ్బుగా రాదు, అమెజాన్ పే బ్యాలెన్స్‌లో పడుతుంది. దీన్ని కొందరు పెద్ద లోపంగా చెబుతారు గానీ, ఆ బ్యాలెన్స్‌తో ఫోన్ రీచార్జి చేసుకోవచ్చు, కరెంటు బిల్లు కట్టుకోవచ్చు, అంతకంటే ఏం కావాలి?

ఏస్‌లో బయట మామూలు కొనుగోళ్లకి 1.5 శాతం. ఇది ఒకప్పుడు 2 ఉండేది, తగ్గించారు. గూగుల్ పేలో బిల్లులు కడితే 5 శాతం, స్విగ్గీ, జొమాటో, ఓలాకి 4, కానీ ఈ 5, 4 శాతాలు రెండూ కలిపి నెలకి 500 దాటవు. క్యాష్‌బ్యాక్ నేరుగా కార్డు బిల్లులోనే తగ్గుతుంది. ఇంకో గొప్ప చెబుతారు, ఏడాదికి కొన్నిసార్లు ఎయిర్‌పోర్ట్ లాంజ్ ఫ్రీ అని. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ దొరికితే చాలనుకునే వాళ్లం, మనకెందుకండీ అది.

ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ చూడటానికి అన్నిటికంటే అందంగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఏ సైటైనా 5 శాతం, షాపులో 1 శాతం, స్టేట్‌మెంట్ వచ్చిన వెంటనే దానంతటదే జమ. ఫ్లిప్‌కార్ట్, మింత్రా, అజియో అని తేడా లేదు. అసలు సంగతి వర్తించని జాబితా చదివినప్పుడు తెలుస్తుంది. కరెంటు, గ్యాస్ లాంటి బిల్లులకి లేదు, ఇన్సూరెన్స్‌కి లేదు, నగలకి లేదు, స్కూలు ఫీజులకి లేదు, అద్దెకి లేదు, పెట్రోలుకి లేదు, వాలెట్‌లో వేసుకోవడానికి లేదు, చివరికి రైలు టికెట్‌కి కూడా లేదు. మధ్యతరగతి వాడు ఆన్‌లైన్‌లో పెద్ద మొత్తం కట్టేదే వీటికి! పిల్లాడి ఫీజు, ఎల్ఐసీ ప్రీమియం, సంక్రాంతికి ఊరొచ్చే వాళ్ల టికెట్లు తీసేస్తే ఆన్‌లైన్‌లో ఇంకేం మిగిలాయి, చెప్పులూ చీరలూ తప్ప.

ఇప్పుడు లెక్క. షాపుల్లో గీకడానికి నెలకి 9 వేలు, ఆన్‌లైన్ కొనుగోళ్లు 3 వేలు (సగం అమెజాన్, సగం మిగతావి), కరెంటు, ఫోన్, నెట్ బిల్లులు 1500 అనుకుందాం. బిల్లులు కాకుండా ఏడాదికి లక్షా 44 వేలు. బిల్లులు కలిపినా లక్షా 62 వేలు, అంటే రెండు లక్షలు దాటలేదు, ఫీజు మాఫీ లేదు.

ఎస్‌బీఐలో ఆన్‌లైన్ మీద 1800, షాపుల మీద 1080, బిల్లుల మీద సున్నా. మొత్తం 2880 లోంచి 1179 ఫీజు పోతే మిగిలేది 1701. ఏస్‌లో 1.5 శాతం చొప్పున 2160, గూగుల్ పే బిల్లుల మీద 900, ఫీజు 589 పోతే 2471. అమెజాన్ కార్డులో ప్రైమ్ లేకపోతే అమెజాన్ మీద 540, మిగతా ఆన్‌లైన్ మీద 180, షాపుల మీద 1080, బిల్లుల మీద 360, మొత్తం 2160, ఫీజు లేదు. ప్రైమ్ ముందే ఉంటే 2520. ప్రైమ్ కోసం ప్రత్యేకంగా డబ్బు కడితే మళ్లీ అది తీసేసుకోవాలి లెండి.

ఏస్‌కీ అమెజాన్‌కీ ప్రైమ్ లేకుండా చూసినా ఏడాదికి తేడా మూడు వందల చిల్లర. నెలకి పాతిక రూపాయలు. అది కూడా గూగుల్ పే వాడు కన్వీనియన్స్ ఫీజు అడక్కపోతేనే. కార్డుతో బిల్లు కడితే ఈమధ్య యాప్‌లు తలా కాస్త కోస్తున్నాయి, కాబట్టి ఆ 5 శాతంలో కొంత అక్కడే కరిగిపోతుంది. ఈ పాతిక రూపాయల కోసం ‘ఈ ఏడాది రెండు లక్షలు అయ్యాయా లేదా’ అని కార్డు ఏడాది చివర్లో టెన్షన్ పడి అక్కర్లేని మిక్సీ కొనుక్కోవడం కంటే ఫీజు లేని కార్డు పర్సులో పెట్టుకుని మర్చిపోవడం నయమని నా అభిప్రాయం. షాపుల్లో గీకడమే ఎక్కువ, ఏడాదికి రెండు లక్షలు మామూలుగానే దాటిపోతాయి అనుకునేవాళ్లకి మాత్రం ఏస్ బాగుంటుంది, అప్పుడు ఫీజూ ఉండదు, అర శాతం ఎక్కువా వస్తుంది. ఆన్‌లైన్‌లో అమెజాన్ కాకుండా వేరే సైట్లలోనే నెలకి అయిదారు వేలు కొనే పిల్లలున్న ఇంట్లో ఎస్‌బీఐ గెలుస్తుంది, అనుమానం లేదు.

ఇక శాతాల సంగతి పక్కన పెట్టి కౌంటర్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే మన దగ్గర అసలు కథ అక్కడే. భీమవరంలో ఓ బట్టల షాపులో బిల్లు 14 వేలు అయింది. కార్డు తీశాను. కౌంటర్లో అబ్బాయి మెషీన్ తీయకుండానే మర్యాదగా అన్నాడు, “కార్డైతే రెండు పర్సెంట్ ఎక్‌స్ట్రా పడుద్దండి, ఫోన్‌పే చేసేయండి సార్.” రెండు శాతం అంటే 280. నాకు కార్డు ఇచ్చేది 140. అతన్ని అనీ లాభం లేదు, కార్డు పేమెంటుకి బ్యాంకు తన దగ్గర కోసేది మన దగ్గర రాబడుతున్నాడు. మేత డీలర్లు, ఎరువుల కొట్లు, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కూడా ఈ మాట మామూలే. అందుకని పెద్ద బిల్లు ఉన్నచోట ముందే అడగడం అలవాటు చేసుకోండి: “కార్డుకి ఏమైనా ఎక్కువ అవుద్దా అండీ?” అవుతుందంటే కార్డు లోపల పెట్టేయడమే. ఒకటి కాదు, ఒకటిన్నర ఇచ్చే కార్డైనా అక్కడ నష్టమే.

పెట్రోలు బంకులో చాలామంది పొరబడేది ఇంకోటి ఉంది. సర్‌ఛార్జి మాఫీ వేరు, క్యాష్‌బ్యాక్ వేరు. కార్డుతో పెట్రోలు కొట్టిస్తే 1 శాతం సర్‌ఛార్జి పడుతుంది, కార్డువాడు దాన్ని వెనక్కి ఇస్తాడు, దాని మీద జీఎస్టీ మాత్రం మనమే భరించాలి. లాభం ఏమీ రాదు, నష్టం పెద్దగా లేదు, అంతే. ఈ మూడు కార్డుల్లో పెట్రోలుకి క్యాష్‌బ్యాక్ లేదు.

క్రెడిట్ కార్డు మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కట్టాలంటే రూపే (వీసా లాంటిదే, మన దేశపు కార్డు నెట్‌వర్క్) క్రెడిట్ కార్డు ఉండాలి. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐ యాప్‌కి కలుపుకునే వీలు వచ్చింది. కానీ అది వ్యాపారి పేరు మీద తీసుకున్న క్యూఆర్‌కే పనిచేస్తుంది. చేపల మార్కెట్లో థర్మాకోల్ పెట్టెకి అతికించిన కోడ్ స్కాన్ చేస్తే వచ్చేది చాలాసార్లు చేపలమ్మే ఆమె కొడుకు సొంత అకౌంటు, అక్కడ క్రెడిట్ కార్డు ఆప్షనే కనపడదు. అమెజాన్ పే ఐసీఐసీఐ వీసా కార్డు, దీన్ని యూపీఐకి కలపలేం. మీ ఖర్చంతా స్కాన్ చేసి కట్టేదే అయితే ఫీజు లేని రూపే కార్డు ఒకటి పక్కన ఉంచుకోవడం మంచిదే.

ఫ్రీ అన్న మాట గురించి కూడా జాగ్రత్త. మా బావమరిది తణుకులో ఉంటాడు. షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర టేబుల్ వేసుకుని కూర్చున్న కుర్రాడు “లైఫ్‌టైమ్ ఫ్రీ అండీ, ఆధార్ ఉంటే చాలండీ” అని ఓ బ్యాంకు కార్డు అంటగట్టాడు. రెండో ఏడాది స్టేట్‌మెంట్లో ఫీజు పడింది. ఫోన్ చేస్తే ఫ్రీ అన్నది మొదటి ఏడాదికే అన్నారు. కార్డు తీసేయండి అని గట్టిగా అడిగితే అప్పుడు ఫీజు వెనక్కి వేశారు. కుర్రాడి మాట కాదు, కార్డుతో వచ్చే ఎంఐటీసీ (ముఖ్యమైన షరతులు) కాగితంలో వార్షిక ఫీజు దగ్గర ఏం రాసుందో చూడండి, రెండో ఏడాది అన్న గడి ప్రత్యేకంగా. కార్డు మూసేయమని అడిగాక, బాకీ ఏమీ లేకపోతే, ఏడు పనిదినాల్లో మూయాలని రిజర్వ్ బ్యాంక్ రూల్. దాటితే రోజుకి 500 చొప్పున బ్యాంకే మనకి కట్టాలి. ఈ ఒక్క ముక్క ఫోన్లో అనండి, అవతలి గొంతు మారిపోతుంది.

వడ్డీ మాట చెప్పకుండా కార్డు రివ్యూ రాయడం తప్పు. చాలా కార్డుల వడ్డీ నెలకి మూడున్నర, మూడు ముప్పావు శాతం. మన లెక్కలో చెప్పాలంటే మూడు రూపాయల ముప్పావలా వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఆ వడ్డీకి అప్పు ఇస్తానంటే మొహం మీదే తలుపేస్తాం. 20 వేల బిల్లొస్తే మినిమమ్ డ్యూ అని 1000 కట్టి ఊరుకున్నారనుకోండి, మిగతా 19 వేల మీద ఒక్క నెలకే 712 వడ్డీ, దాని మీద జీఎస్టీ 128. ఆ 20 వేల మీద మీకు వచ్చిన క్యాష్‌బ్యాక్ 200. పైగా పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ. పంట చేతికొచ్చాక కడదాం, చెరువు పట్టుబడి అయ్యాక కడదాం అనుకునేవాళ్లకి ఈ కార్డు అసలు పనికిరాదు, బ్యాంకులో పంట రుణమో బంగారం మీద రుణమో చాలా చవక. నేనైతే మొత్తం బిల్లు సేవింగ్స్ అకౌంట్ నుంచి ఆటో డెబిట్ పెట్టేశాను. పెట్టేటప్పుడు ‘టోటల్ డ్యూ’ అని చూసి నొక్కాలి, కొన్ని యాప్‌లలో ముందు కనపడేది ‘మినిమమ్ డ్యూ’.

ఇంతకీ కార్డు రావడం ఎలా అంటే, జీతం స్లిప్పు ఉన్నవాళ్లకి సులువే. కొబ్బరి వ్యాపారం, రొయ్యల చెరువు, నర్సరీ చేసుకునేవాళ్లకి చేతిలో లక్షలు ఆడినా ఐటీ రిటర్న్ లేకపోతే అప్లికేషన్ తిప్పి పంపేస్తారు. కొన్ని పల్లెలకి మీ పిన్‌కోడ్‌లో సర్వీస్ లేదని కూడా వస్తుంది. తిప్పి పంపారు కదా అని అదే వారంలో ఇంకో మూడు బ్యాంకులకి పెట్టకండి, ప్రతి అప్లికేషనూ సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర రాసి స్కోరు ఇచ్చే సంస్థ) కనపడుతుంది. అలాంటివాళ్లు ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) మీద చాలా బ్యాంకులు ఇచ్చే కార్డు తీసుకోవచ్చు. మీ ఎఫ్‌డీకి వడ్డీ మామూలుగా వస్తూనే ఉంటుంది, దాదాపు అంత లిమిట్‌తో కార్డిస్తారు, జీతం కాగితాలు అడగరు. క్యాష్‌బ్యాక్ వీటిలో తక్కువే ఉండొచ్చు. ఓ ఏడాది నెలనెలా బిల్లు మొత్తం కట్టుకుంటూ వెళ్తే స్కోరు తయారవుతుంది, అప్పుడు పై మూడింటిలో మీకు నప్పేదానికి అప్లై చేసుకోండి.