బీసెంట్ రోడ్డులో అమ్మే ‘పసిపాప వాసన’ సీసా ఎవరూ కొనకండి

ఇప్పుడే అక్కడి నుంచి వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది, తప్పులుంటే సర్దుకుని చదవండి. షాపు పేరు రాయను. పిల్లల సామాను కొనే బెజవాడ వాళ్ళకి ఎవరి గురించో ఈపాటికే అర్థమై ఉంటుంది. ఇన్‌స్టాలో పొద్దునా సాయంత్రం రీల్స్ పెడతారు చూడండి, వాళ్ళే.

కొత్తగా ‘న్యూబార్న్ సెంట్’ అని స్ప్రే సీసా తెచ్చారు. 1,450 రూపాయలు. అప్పుడే పుట్టిన బిడ్డ మాడు వాసన అచ్చంగా ఇందులో ఉందట. ఇజ్రాయెల్ ఫార్ములా అట. పాప దుప్పటి మీద కొట్టుకుంటే బంధం పెరుగుతుందట, పాలు కూడా బాగా పడతాయట. మా పాప నెలలు నిండకుండా పుట్టింది, బాక్సులో పెట్టారు. నా చేతికిచ్చేసరికి పిల్ల ఒంటి మీద స్పిరిట్ వాసన తప్ప ఇంకేం లేదు. ఆ మాట నోరు జారి కౌంటర్ దగ్గర అన్నాను. ఇక వదల్లేదు. ఫోన్లో ఏవో ఇంగ్లీషు పేపర్లు చూపించి ‘శాస్త్రవేత్తలే నిరూపించారు మేడమ్’ అన్నాడు. ఎమ్మెస్సీ జువాలజీ చదివిన మహాతల్లిని, వెంటనే ఫోన్‌పే కొట్టాను.

ఇంటికొచ్చి ఒక్కసారి నొక్కితే గది గుప్పుమంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి ‘బాత్రూమ్‌లో కొట్టేది ఇక్కడెందుకు కొట్టావే’ అంది. ఆ రాత్రంతా పాప రొమ్ము పట్టలేదు, ఏడుపే. సీసా వల్లే అని ఒట్టేసి చెప్పను. పొద్దున మాడుకి ఆముదం పెట్టి, అదే చేత్తో సీసా పక్కకి తీయబోతే స్టిక్కర్ మూల లేచింది. లాగితే కింద ఇంకో స్టిక్కర్. ‘రూమ్ అండ్ కార్ ఫ్రెష్‌నర్, బేబీ పౌడర్.’ దాని కింద చీమ తలకాయంత అక్షరాలతో ‘పిల్లలకు దూరంగా ఉంచండి’.

తీసుకెళ్ళి కౌంటర్ మీద పెట్టాను. ‘సీసాలు ఒకటే మేడమ్, లోపల సరుకు వేరే’ అన్నాడు. పౌడర్ వాసన వస్తోంది కదా బాబూ అన్నాను. అప్పుడన్నాడు, తలెత్తకుండా, ఉయ్యాల తాళ్ళు చుట్ట చుడుతూనే: ‘మీ పాపని బాక్సులో పెట్టారన్నారుగా. పసివాసన మీరెప్పుడూ చూడనేలేదు. ఇది అది కాదని మీకెలా తెలుసు?’

నేను నమ్మి చెప్పుకున్న మాటే తీసి నా మొహాన కొట్టాడు. పక్కన జుబ్బాలు ఏరుకుంటున్న పెద్దావిడ తల దించుకుంది. వాడు మాత్రం తాళ్ళు చుట్టడం ఆపలేదు. నాకు గొంతు పూడుకుపోయి ఒక్క మాట రాలేదు. ఇంట్లో ఎంత నోరో, అక్కడ అంత మూగ.

ఆటోలో కూర్చుని ఆ పేపర్లు వెతికి చదివాను. ఒకటి 2013 నాటిది. కొత్తగా కన్నవాళ్ళు 15 మంది, పిల్లల్లేని ఆడవాళ్ళు 15 మంది. వాళ్ళకి సంబంధం లేని పసికందులు తొడుక్కున్న నూలు చొక్కాల వాసన చూపించి మెదడు స్కాన్ చేశారు. తల్లుల మెదడులో ఇష్టాన్ని, కోరికని పుట్టించే భాగాలు ఎక్కువగా స్పందించాయి. అంతే. ఏ పదార్థం వల్లో తేల్చలేదు, పాల ఊసే లేదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళది 2021లో వచ్చింది. పిల్లల మాడు నుంచి వచ్చే హెక్సాడెకనాల్ అనే పదార్థం గురించి. దానికి మన ముక్కుకి తెలిసే వాసనే ఉండదు! గుప్పుమనే సీసాలో ఉందని ఎలా నమ్మించాడో చూడండి. పైగా ఆ ప్రయోగంలో అది పీల్చిన మగవాళ్ళకి దూకుడు తగ్గింది, ఆడవాళ్ళకి పెరిగింది. నిజంగా అదే ఉండుంటే వాడు అంత మాట అనేవాడూ కాదు, నేను ఊరికే తిరిగొచ్చేదాన్నీ కాదు.

ఇంకోటి చదివాక నిజంగా భయమేసింది. 1994లో ఒక ప్రయోగం చేశారు. తల్లి రొమ్ముల్లో ఒకటి కడిగి, ఒకటి కడక్కుండా వదిలి, అప్పుడే పుట్టిన పిల్లని మధ్యలో బోర్లా పడుకోబెట్టారు. 30 మందిలో 22 మంది కడగని వైపే వెళ్ళారు. పిల్లకి మన ఒంటి వాసనే ఆనవాలు అన్నమాట. దాని మీద కార్ ఫ్రెష్‌నర్ కొట్టమని అమ్ముతున్నాడు ఈ పెద్దమనిషి.

డబ్బులు రాలేదు. బిల్లు కూడా కాదు, ‘ఎస్టిమేట్’ అని తెల్ల చీటీ, దాని మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్ర. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ పెడుతున్నా, ఇలాగే మోసపోయినవాళ్ళు మీరూ పెట్టండి. సీసా మీద తయారీదారు అడ్రస్, బ్యాచ్ నంబర్ లేకపోతే ముట్టుకోకండి, పక్కా బిల్లు అడగండి. కాన్పు కావాల్సినవాళ్ళు ఉంటే, పుట్టగానే బిడ్డకి నీళ్ళు పోయనివ్వకండి. కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఒంటి మీద ఆ తెల్లటి పూత, ఆ వాసన, అన్నీ ఫ్రీ.

రెండు స్టిక్కర్లూ కనబడేలా ఫోటో తీసి పెట్టుకున్నా. కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తా.