రికెట్స్ గ్లెన్‌లో ఒక వసంతపు రోజు: పద్దెనిమిది జలపాతాలు, ఒక మోకాలు

పెన్సిల్వేనియాలోని రికెట్స్ గ్లెన్ స్టేట్ పార్కుకు వెళ్లాలని మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నా, మావారి కుడి మోకాలు ఒప్పుకోకపోవడంతో ఆ ప్రయాణం ఏటికేడు వెనక్కి పోతూ వచ్చింది. ఈ ఏడు మే మొదటి వారంలో, ఒక బుధవారం నాడు, ఎట్టకేలకు వెళ్లివచ్చాము. మోకాళ్ల సంగతి ముందే ఎత్తడానికి కారణం ఉంది. ఈ పార్కులో ఎన్ని జలపాతాలు చూడాలన్నది ఒక ప్రశ్నే గాని, ఏ చివర బండి నిలిపి ఎటు దిగాలన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. రెండోదానికి జవాబు తేల్చుకుంటే మొదటిది దానంతట అదే తేలిపోతుంది.

గ్లెన్ అన్న మాటకు మన రాయలసీమలో చక్కని మాట ఉంది: కోన. తిరుపతి వైపువారికి తలకోన అంటే ఎలాంటి చోటు కళ్లముందు మెదులుతుందో ఇదీ అలాంటిదే. కొండల నడుమ ఇరుకైన లోయ, దాని అడుగున రాళ్లమీదుగా దూకే ఏరు, రెండు వైపులా ఎండ చొరనంత చెట్లు. ఇక్కడి ఏరు పేరు కిచెన్ క్రీక్. దాని రెండు పాయలు రెండు కోనల్లోంచి దిగుతాయి. ఒకటి గనోగా గ్లెన్, రెండోది గ్లెన్ లీ. అవి కలిసే చోటును వాటర్స్ మీట్ అంటారు. అక్కడినుంచి కిందికి మూడో కోన, అసలు రికెట్స్ గ్లెన్, మొదలవుతుంది. గనోగాలో 10, గ్లెన్ లీలో 8, కింది కోనలో 4, మొత్తం 22 జలపాతాలకు పేర్లు ఉన్నాయి.

బాట మొత్తం చుట్టి రావాలంటే 7.2 మైళ్లు. పైనున్న లేక్ రోజ్ దగ్గర బండి నిలిపి, ఒక పాయ వెంట దిగి, రెండో పాయ వెంట ఎక్కి, హైలాండ్ ట్రెయిల్ మీదుగా చుట్టి వస్తే 3.2 మైళ్లలో 18 జలపాతాలు కనబడతాయి. (లేక్ రోజ్ అన్నది పేరుకే, ఇప్పుడక్కడ చెరువు లేదు.) కింద 118 నంబరు రోడ్డు పక్కన బండి నిలిపితే ముందు ఎక్కడం, అలసిపోయాక దిగడం. పైనుంచి మొదలుపెడితే అది తారుమారవుతుంది. ఎక్కుడు ఊపిరిని పరీక్షిస్తుందేమో గాని, మోకాలిని పరీక్షించేది దిగుడే, అదీ తడిసిన రాతిమెట్ల మీద. కాళ్లలో సత్తువ ఉండగానే దిగడం ముగించుకోవాలన్న లెక్కతో మేము పైదారినే ఎంచుకున్నాము. నలభై దాటిన దంపతులు ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

మేముండే న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి 287, 80 నంబరు రహదారుల మీదుగా డెలావేర్ వాటర్ గ్యాప్ దాటి, బ్లూమ్స్‌బర్గ్ దగ్గర 487 మీదికి మళ్లి ఉత్తరంగా మరో 30 మైళ్లు పోవాలి. ఆగకుండా వెళితే దాదాపు మూడు గంటలు పడుతుంది. ఒక్క రోజులో వెళ్లి రావచ్చు గాని, ఆరు గంటల డ్రైవింగుకు నాలుగైదు గంటల నడక తోడైతే మర్నాడు ఆఫీసులో కూర్చోవడం కష్టమని ముందు రోజు సాయంత్రమే బయలుదేరాము. పార్కులో వంటగదితో సహా అన్ని వసతులూ ఉన్న క్యాబిన్లు పది ఉన్నాయి. దుప్పట్లు, దిండ్లు మనమే తీసుకెళ్లాలి. పదకొండు నెలల ముందునుంచే బుకింగు తెరుచుకుంటుంది కాబట్టి, నెల ముందు చూసిన మాకు ఒక్కటీ దొరకలేదు. గుడారం వేసుకునేవారికి క్యాంపుగ్రౌండు ఉంది. మే నెల రాత్రి ఆ కొండమీది చలిని తలచుకుని నేనే వద్దన్నాను.

చివరికి బ్లూమ్స్‌బర్గ్ దగ్గర ఒక మోటెల్‌లో దిగాము. పొగతాగని గది అని బుక్ చేసుకుంటే, తలుపు తీయగానే పాత సిగరెట్ కంపు గుప్పుమంది. కౌంటరులో చెబితే మాట అనకుండా గది మార్చారు, అంతవరకు మెచ్చుకోవాలి. రెండో గదిలో హీటరు రాత్రంతా లారీ ఇంజనులా మోగింది. పొద్దున ఏడుకు ముందు ఫలహారం ఉండదన్నారు. మేము ఆరున్నరకే బయలుదేరేవాళ్లం కాబట్టి ఆ డబ్బూ పోయినట్టే. పులిహోర, దద్ధోజనం ఇంటినుంచే కట్టుకెళ్లాము గనుక సరిపోయింది. ఇన్ని చెప్పినా, పొద్దున ఎనిమిదింటికల్లా బాట మొదట్లో ఉండగలిగినందుకు ఆ గది అద్దె దండగ కాలేదనే అంటాను. నడక ముగించి మేము కోనలోంచి బయటికి వచ్చేసరికి, వారం మధ్యలోనే అయినా, బండ్లు ఆపే చోటు ముప్పాతిక వంతు నిండి ఉంది. శనాదివారాల్లో ఆలస్యంగా వెళితే చోటు దొరకడం కష్టమే.

పార్కులోకి ప్రవేశ రుసుము లేదు. ఖర్చల్లా పెట్రోలు, పడమటికి పోయేటప్పుడు డెలావేర్ వాటర్ గ్యాప్ వంతెన దగ్గర కట్టే టోలు. తిరిగివచ్చేటప్పుడు ఆ టోలు లేదు. రెడ్ రాక్ అనే పల్లె దాటాక 487 రోడ్డు బాగా నిటారుగా ఎక్కుతుంది. బరువైన ట్రెయిలర్లు లాగేవారు ఆ వైపు రావద్దని, ఉత్తరాన డుషోర్ మీదుగా రావాలని పార్కువారే చెబుతారు. కోనలోకి దిగాక మరుగుదొడ్లు లేవు, తాగేనీళ్లు లేవు, మా ఇద్దరి ఫోన్లలోనూ సిగ్నల్ లేదు. మ్యాపు ముందే దించుకోవాలి.

మేము గనోగా గ్లెన్ వెంట దిగాము. మొదట మోహాక్, తరువాత చిన్నవైన ఒనైడా, కయూగా. నాలుగోది గనోగా, 94 అడుగులు, ఇక్కడ అన్నిటికన్నా ఎత్తైనది. పక్కనే రాతిమెట్లు దిగుతుంటే తుంపర మొహాన కొడుతుంది. నీరు ఒక్క ఊపున దూకదు. పలచని రాతిపొరలు వందల మెట్లుగా పేర్చినట్టుండి, ఒక్కొక్క మెట్టు మీద విరిగి, తెల్లబడి, మళ్లీ కలిసి కిందికి జారుతుంది. ఇంకొన్నిచోట్ల గట్టిరాయి చూరులా ముందుకు పొడుచుకొచ్చి, దాని అంచునుంచి నీరు తెర దించినట్టు నిలువుగా పడుతుంది. అడుగున ఉన్న రాయి రకాన్నిబట్టి జలపాతం నడక మారుతుందని ఇక్కడ కంటితోనే తెలుసుకోవచ్చు.

గనోగా పాదం దగ్గరే ఆ రోజు మొత్తానికి భయపడిన క్షణం ఎదురైంది. "ఏమండీ, ఆ పచ్చరాయి మీద కాలు పెట్టకండి" అని నేను అనేలోపే మావారు పెట్టారు. కాలు జారి కూర్చుండిపోయారు. చేతికర్ర రాతిసందులో ఇరుక్కుని ఆపింది గనుక మోచేయి గీరుకోవడంతో పోయింది. "నువ్వు చెప్పేలోపే రాయి చెప్పేసింది" అని నవ్వారు గాని, ఆ తరువాత ప్రతి మెట్టూ కర్రతో పొడిచి చూసుకుని మరీ దిగారు. మా పక్కనుంచి బడికి వేసుకునే బూట్లతో దిగుతున్న పిల్లలను చూసి నా గుండె ఝల్లుమంది. అడుగు పట్టు ఉన్న బూట్లు, మనిషికొక కర్ర, ఈ రెండూ లేకుండా వసంతంలో ఇక్కడికి రావద్దు. మంచు కరిగిన నీరు, ఏప్రిల్ వానలు కలిసి ఏరు నిండుగా ఉండే కాలం ఇదే. రాయి ఆరని కాలమూ ఇదే.

అయినా నేను ఈ కాలానికే ఓటు వేస్తాను. పార్కు ఎత్తైన చోట ఉండడంవల్ల మే మొదట్లో బీచ్, మేపుల్ చెట్లు అప్పుడప్పుడే చిగురిస్తున్నాయి. ఆకు ఇంకా కప్పలేదు గనుక ఒక జలపాతం దగ్గర నిలబడితే కిందిది కూడా కొమ్మల సందున కనబడుతుంది. నేలంతా వెలుతురు పడుతుంది. ఆ వెలుతురులోనే ట్రిలియం పువ్వులు విచ్చుకుంటాయి. మూడు ఆకులు, వాటి నడుమ మూడు రేకులు, మారేడుదళం మీద పువ్వు పెట్టినట్టు. బాట మధ్యలో నా చిటికెన వేలంత పొడవున, నిప్పుకణిక రంగులో, బల్లిపిల్లలాంటి ప్రాణి ఒకటి కదిలీ కదలక పడుకుని ఉంది. న్యూట్ అనే ఉభయచరం పిల్లదశ అది; తడినేలమీద తిరిగి, పెద్దదయ్యాక నీళ్లలోకి పోతుందట. దానిని తొక్కకుండా దాటడానికి ఇద్దరం రెండు నిమిషాలు ఆగాము.

లోయల్లోని ముదురాకుపచ్చ మహావృక్షాలు హెమ్లాక్‌లు. సోక్రటీసు తాగిన విషపు మొక్క వేరు, ఇది దేవదారు జాతికి దగ్గరి చెట్టు. కొన్నిటి వయసు 500 ఏళ్లు దాటిందంటారు. కొమ్మ అడుగున దూది అంటించినట్టు తెల్లని చుక్కలు కనబడితే అది హెమ్లాక్‌లను చంపే పురుగు. నేను తిప్పి చూసిన మూడు కొమ్మల్లో ఒకదానికి ఉంది. ఈ చెట్లు మిగిలాయంటే దానికి రాబర్ట్ బ్రూస్ రికెట్స్ కారణం. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 నాటి గెటిస్‌బర్గ్ పోరులో ఫిరంగిదళాన్ని నడిపిన ఈ సైనికాధికారి చుట్టుపక్కల వేల ఎకరాల అడవిని కొని కలప అమ్ముకున్నాడు గాని, ఈ కోనలను మాత్రం కొట్టనివ్వలేదు. 1889 నుంచి 1893 దాకా మనుషులను పెట్టి ఈ రాతిబాట వేయించాడు. జలపాతాల్లో చాలావాటికి స్థానిక ఆదిమ జాతుల పేర్లు పెట్టి, కొన్నిటికి తనవారి పేర్లు ఉంచాడు. 1930లలో దీనిని జాతీయ పార్కు చేయాలన్న ప్రతిపాదన వచ్చి నిలిచిపోయింది.

వాటర్స్ మీట్ దగ్గర కూర్చుని తిన్నాము. రెండు పాయలు కలిసే చోట మాట వినబడాలంటే దగ్గరికి జరిగి కూర్చోవలసిందే. మరికొంత కిందికి పోతే 27 అడుగుల హారిసన్ రైట్ జలపాతం చూడవచ్చు. "దిగినంతా మళ్లీ ఎక్కాలి" అని మావారు మోకాలు తడుముకున్నారు; నేను బలవంతం చేయలేదు. గ్లెన్ లీ వెంట ఎక్కుడు నిటారుగానే ఉంది గాని, కాలికింది రాయిని చూసుకుంటూ ఎక్కడం దిగడంకన్నా నిశ్చింత. ఈ పాయలో 60 అడుగుల ఓజోన్ నాకు గనోగాకన్నా నచ్చింది. గనోగా దగ్గర ఫొటోలకు వరుస కట్టి ఉంటారు. ఓజోన్ దగ్గర పావుగంట మేమిద్దరమే ఉన్నాము. పైకి చేరాక హైలాండ్ ట్రెయిల్ దాదాపు సమతలం. మధ్యలో పెద్ద బండల సందులోంచి బాట పోతుంది, ఆ నీడలో చల్లగా ఉంది. మొత్తం నాలుగు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. చురుకైనవారికి మూడు చాలు.

కింది కోనలో మేము చూసింది ఆడమ్స్ ఫాల్స్ ఒక్కటే. తిరుగుప్రయాణంలో 118 రోడ్డు పక్క పార్కింగులో ఆపితే రెండు నిమిషాల నడక. 36 అడుగుల ఎత్తునుంచి నీరు రాతిగొంతుల్లో మెలికలు తిరుగుతూ దిగుతుంది. నడవలేని పెద్దవారిని వెంట తెచ్చుకున్నవారు ఇక్కడికి తీసుకురండి; అయితే అంచుదగ్గర అప్రమత్తంగా ఉండాలి.

బండి ఎక్కేముందు ప్యాంట్ల అంచులు, మేజోళ్లు, మెడ వెనక ఒకరివి ఒకరం చూసుకున్నాము. ఈ అడవుల్లో పిడుదులు ఉంటాయి, వాటి కాటుతో లైమ్ జ్వరం వస్తుంది. మావారి ఎడమ మేజోడు అంచున గసగసం గింజంతది ఒకటి పాకుతూ దొరికింది. చర్మానికి ఇంకా చేరలేదు. టేపు ముక్కకు అంటించి మడిచి, పులిహోర డబ్బా ఉన్న సంచిలో కాకుండా వేరే కవరులో వేశాను.