పర్లాకిమిడి పిల్లల బరువు క్యాంపు: వెళ్లండి, సంచి మాత్రం తెచ్చుకోకండి

ఐదుకి మూడు మార్కులు ఇస్తున్నాను. ఆ మూడూ ఆదివారం పొద్దున్నే ఆరింటికల్లా గ్రౌండ్‌లో ఉండే ఆ వాలంటీర్ కుర్రాళ్లకి. కోసేసిన రెండూ ఎవరివో చదివితే మీకే తెలుస్తుంది.

మాది ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు. పేర్లు రాయను. నడిపింది ఒక స్వచ్ఛంద సంస్థ, డబ్బు పెట్టింది ఒక బిస్కెట్ల కంపెనీ, చోటిచ్చింది మా వీధి వెనకున్న ప్రైవేటు స్కూలు. పన్నెండు ఆదివారాలు, పిల్లాడికి రెండొందలు. మా బాబుకి పదేళ్లు. రెండేళ్లుగా ఆరు నెలలకోసారి స్కూల్ ప్యాంటు మారుస్తున్నాం, పొడుగు చాలక కాదు, నడుము పట్టక. మా అత్తగారి దృష్టిలో పిల్లాడు ఒళ్లు చేశాడంటే దిష్టి తియ్యాలి గానీ డాక్టరుకి చూపించడమేంటి! పక్కింటావిడైతే ఇంకో మాటంది, "మన గజపతి జిల్లాలో పిల్లలకి తిండి చాలదని అంగన్‌వాడీల్లో గుడ్లు పెడుతుంటే నువ్వు బరువు తగ్గే క్యాంపుకి పంపుతున్నావా" అని. నిజమే, నవ్వొస్తుంది. కానీ 2025లో యూనిసెఫ్ వాళ్లు చెప్పిన లెక్క చూడండి, ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ఊబకాయం ఉన్నవాళ్లు 9.4 శాతం, బరువు తక్కువున్నవాళ్లు 9.2 శాతం, ఇలా తిరగబడటం ఇదే మొదటిసారట. మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో కూడా అధిక బరువు 2015-16 సర్వేలో 2.1 శాతం ఉంటే 2019-21కి 3.4 అయింది. అంకె చిన్నదే. పెరుగుతోందా లేదా అన్నదే నా బాధ.

ఇక క్యాంపు సంగతి. ఆటలు మామూలే, ఖోఖో, తాడాట, పరుగులు. నాకు నచ్చింది మూడో వారం. ఒక దీదీ టేబుల్ మీద ఖాళీ గాజు గ్లాసులు వరసగా పెట్టి, పక్కన చక్కెర డబ్బా, చెంచా పెట్టింది. పిల్లలు తాగే కూల్‌డ్రింకులు, జ్యూసు డబ్బాలు తెచ్చి, వాటి మీద రాసున్న చక్కెర గ్రాముల్ని చెంచాల్లోకి మార్చి గ్లాసులో పొయ్యమంది. పావు లీటరు కోలాలో సుమారు 26 గ్రాములు, అంటే చిన్న చెంచాతో ఐదు, కాస్త తల కొట్టి పోస్తే ఆరు. మావాడు పోస్తూ పోస్తూ నాలుగో చెంచా దగ్గర ఆగి నా వైపు చూశాడు, నేనేదో తప్పు చేసినట్టు. అప్పుడు చెప్పింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం విడిగా కలిపిన చక్కెర, తేనె, పండ్లరసంలోది అన్నీ కలిపి రోజు తిండి శక్తిలో 10 శాతం దాటకూడదు, 5 శాతంలో ఉంటే ఇంకా మంచిది, పెద్దవాళ్లకే అది 25 గ్రాములు అని. ఒక్క సీసాతో అయిపోయినట్టే. ఈ పాఠం నేను వంద సార్లు చెప్పినా ఎక్కేది కాదు.

రెండో వారం మాత్రం నాకు ఒళ్లు మండింది. బరువు తూచి అంకె గట్టిగా చదివారు, అవతలివాడు రాసుకోవాలట. వెనక లైన్లో పిల్లలు నవ్వారు. బాబు ఆ రోజంతా మాట్లాడలేదు. వెళ్లి అడిగితే సారీ చెప్పి, తర్వాతి వారానికి ఒక దుప్పటి కట్టి చాటు చేశారు, అంకె చీటీ మీద రాసి తల్లిదండ్రుల చేతికే ఇచ్చారు. అడగ్గానే మార్చుకున్నారు కాబట్టి దీనికి మార్కులు కొయ్యలేదు.

తినడానికి మహిళా సంఘం వాళ్లు చేసిన చోడి (రాగి) లడ్డూ. నెయ్యి దగ్గర బాగా పొదుపు చేసినట్టున్నారు, మొదటి వారం లడ్డూ కొరికితే పన్ను భయపడింది. తర్వాత బాగు చేశారు. చోళ్లు మనకేం కొత్త కాదు కదా, అత్తగారు ఆ ఒక్క విషయంలోనే క్యాంపుని మెచ్చుకున్నారు.

ఇప్పుడు అసలు కథ, మొదటి కోత ఇక్కడే. ప్రతి ఆదివారం ఎనిమిదింటికి పిల్లలు బయటికొచ్చేసరికి గేటు పక్కన కంపెనీ వాళ్ల టేబుల్. పిల్లాడికో గుడ్డ సంచి, అందులో రెండు క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్లు, ఒక జ్యూసు డబ్బా, "ఆరోగ్యకరమైన రేపటి కోసం" అని రాసిన స్టిక్కరు. లోపల గంటసేపు చెంచాలు లెక్కపెట్టిన పిల్లలు బయట అవే చెంచాలు సంచిలో మోసుకెళ్తారన్నమాట. ఐదో వారం ఇంకా బాగుంది. గేటు ఎదురుగా రోజూ ఉండే గుప్‌చుప్ (పానీపూరీ) బండి అతన్ని స్కూలు వాళ్లు వచ్చి "యాభై మీటర్ల రూలు ఉంది, అవతలికి పో" అన్నారు. రూలు నిజంగానే ఉంది, కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2020లో పెట్టింది, కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్నవి స్కూల్లో గానీ గేటు నుంచి 50 మీటర్ల లోపల పిల్లలకి గానీ అమ్మకూడదు, ఉచితంగా పంచడం కూడా అందులోకే వస్తుంది. పాపం బండి అతను తోసుకుంటూ వెళ్తుంటే, కంపెనీ టేబుల్ గేటుకి పది అడుగుల్లో దర్జాగా ఉంది. వాలంటీర్ కుర్రాణ్ణి అడిగాను. తల దించుకుని "వాళ్లే కదా మేడం డబ్బిచ్చేది" అన్నాడు. అతని మీద కోపం రాలేదు.

బ్యానర్ మీద సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కార్యక్రమం అని ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి వాటికి ఖర్చు పెట్టాలి, సరే. కానీ తమ సరుకు ప్రచారం కోసం స్పాన్సర్ చేసే పనులు ఆ లెక్కలోకి రావని 2021లో సవరించిన రూల్స్‌లోనే ఉంది. మరి ఆ సంచిని ఏమనాలి?

కంపెనీలతో కలిసి పని చెయ్యడమే తప్పని నేననను. అమెరికాలో హార్ట్ అసోసియేషన్, క్లింటన్ ఫౌండేషన్ కలిసి 2005లో ఒక సంస్థ పెట్టి, మరుసటి ఏడాది కోక్, పెప్సీ లాంటి కంపెనీలతోనే ఒప్పందం చేసుకున్నాయి, స్కూళ్లకి చక్కెర సోడాలు పంపడం మానెయ్యాలని. 2010కి స్కూళ్లకి వెళ్లే డ్రింకుల కేలరీలు 2004తో పోలిస్తే 88 శాతం తగ్గాయని లెక్క చెప్పారు. తర్వాత పదహారు తిండి, డ్రింకుల కంపెనీలు 2015 నాటికి మార్కెట్లోంచి లక్షన్నర కోట్ల కేలరీలు తగ్గిస్తామని మాటిస్తే, తగ్గించారో లేదో నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు విడిగా లెక్కేశారు, మాటిచ్చిన దానికంటే ఎక్కువే తగ్గిందని తేలింది. అందులో కొంత అమ్మకాలు ఎలాగూ పడిపోతూ ఉండటం వల్లేనని అన్నవాళ్లూ ఉన్నారు, అది వేరే గొడవ. వాళ్లు కనీసం సొంత సరుకు మీద చెయ్యి వేశారు. మా క్యాంపు కంపెనీ టీ షర్టు మీద లోగో వేసింది, బిస్కెట్‌లో చక్కెర మాత్రం ఒక్క గ్రాము కదల్లేదు.

రెండో కోత కాగితాలకి. ఇంట్లో ఏం వండాలి, ఎంత పెట్టాలి అని మంచి కాగితమే ఇచ్చారు, ఒడియాలో, ఇంగ్లీషులో. మా ఊళ్లో సగం వంటిళ్లలో తెలుగే. అత్తగారికి ఒడియా గలగలా మాట్లాడటం వచ్చు, కూరగాయల బేరం ఆడితే అవతలివాళ్లు ఒడియావాళ్లే అనుకుంటారు, చదవడం రాదు. పొయ్యి దగ్గరుండేది ఆవిడ, కాగితం అందింది నాకు. చివరికి నేనే తెలుగులో రాసి గోడకి అంటించాను. సరిహద్దు అవతల ఆంధ్రా ఊరు పాతపట్నం నాలుగడుగులు, ఏ స్కూలు మాస్టార్ని అడిగినా ఒక పూటలో రాసిచ్చేవారు.

ఫలితం అడుగుతారు కదా. పన్నెండు వారాల్లో బరువు తగ్గలేదు, పెరగడం ఆగింది, ఎత్తు సెంటీమీటరు పైన పెరిగాడు. ఎదిగే పిల్లలకి చాలాసార్లు ఇదే చాలు, కడుపు మాడ్చొద్దని దీదీ మొదటి రోజే చెప్పింది. ఇప్పుడు సాయంత్రం ఫోను పక్కన పెట్టి సైకిల్ తీస్తున్నాడు, రోజూ కాదు.

కొత్త బ్యాచ్ దసరా తర్వాతట. చేర్పించండి. బరువు చాటుగా చూస్తారా అని ముందే అడగండి, గేటు దగ్గర సంచి ఇస్తే వద్దని చెప్పండి, మేం చివరి నాలుగు వారాలు అలాగే చెప్పాం, ఆఖర్న మాతో పాటు ఇంకో ఏడుగురు చెప్పారు. టీ షర్టు మాత్రం విడిగా ఉతుక్కోండి, రంగు పోతోంది, మావారి తెల్ల చొక్కాలు రెండు గులాబీ అయ్యాయి.