హోటల్లో పేచీ పెట్టే పిల్లలకి: ఇంటి డబ్బానా, అక్కడి ఇడ్లీనా?

ఖర్చు: డబ్బాకి ఏమీ లేదు. ఇడ్లీ మిగిలితే మనమే తినేయొచ్చు.

శ్రమ: డబ్బాకి ముందే పప్పన్నం మెత్తగా కలపాలి, చెంచా, గుడ్డ సర్దుకోవాలి. ఇడ్లీ అయితే కూర్చోగానే చెప్పేయండి, సాంబారు విడిగా తెమ్మనండి.

రిస్క్: మండు వేసవిలో గంట దాటిన అన్నం పెట్టకండి. హోటల్లో అసలు భయం కారం. ఒకసారి సాంబారుతో నోరు మండి, మా పాప నెల రోజులు ఇడ్లీ ముట్టలేదు. అప్పటినుంచి నెయ్యి, పంచదారతోనే పెడుతున్నాం.

అలవాటు: ఇక్కడ నా ఓటు ఇడ్లీకే. కొత్త రుచిని ఒప్పుకోవడానికి కొందరు పిల్లలకి 10–15 సార్లు పెట్టాల్సి రావచ్చు. బలవంతం వద్దు, పళ్లెంలో చిన్న ముక్క ఉంచితే చాలు.

పెళ్లిళ్లకి, ప్రయాణాలకి, బిర్యానీ హోటళ్లకి డబ్బా. తీరిగ్గా టిఫిన్‌కి వెళ్లే ఆదివారం ఇడ్లీ.