తిరుపతి ల్యాబ్‌ల వాళ్లకి హెచ్చరిక: లేబులింగ్ కోసం కొన్న యాంటీబాడీలో పది రెట్లు బీఎస్ఏ

ఎస్వీయూ, పద్మావతి మహిళా, వెటర్నరీ, స్విమ్స్, ఏర్పేడు ఐసర్... ఎక్కడ పనిచేస్తున్నా సరే, త్వరలో యాంటీబాడీకి ఇండెంట్ పెట్టే స్కాలర్లు ఇది చదివాకే సంతకం పెట్టండి. డీలర్ పేరు ఇక్కడ రాయడం లేదు. జరిగింది మాత్రం పూర్తిగా చెప్తాను.

ఫ్లోరెసెంట్ డై తగిలించుకోవడానికి (దాన్నే లేబులింగ్ అంటాం) మా ల్యాబ్‌కి ఒక మౌస్ మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే ఒకే కణ సంతతి (క్లోన్) నుంచి తీసింది, కావాల్సి వచ్చింది. కొటేషన్ అడిగినప్పుడే 'బీఎస్ఏ, అజైడ్ లేనిది' అని రాసి అడిగాం (బీఎస్ఏ అంటే ఆవు సీరం ఆల్బుమిన్ అనే ప్రొటీన్, అజైడ్ అంటే సూక్ష్మజీవులు పెరగకుండా వేసే రసాయనం). కొటేషన్‌లో అలాగే ఇచ్చారు, పీవోలో (పర్చేజ్ ఆర్డర్‌లో) కూడా అదే మాట ఉంది. తీరా వచ్చిన వైల్ చూస్తే క్యాటలాగ్ నంబర్ చివరి అక్షరాలు వేరు. ఒకే క్లోన్‌ని కంపెనీలు రెండు మూడు రకాల బఫర్లలో (యాంటీబాడీని ఉంచే ద్రావణాల్లో), వేర్వేరు నంబర్లతో అమ్ముతాయి. బీఎస్ఏ లాంటి స్టెబిలైజర్ లేని రకం సాధారణంగా ఖరీదెక్కువ. మాకు బిల్లు వేసింది ఖరీదైన దానికి, పంపింది మామూలు దాన్ని. డీలర్ తరఫున వచ్చే అతన్ని అడిగితే "క్లోన్ అదే కదా మేడమ్, ఏమీ తేడా ఉండదు" అన్నాడు.

తేడా ఎంతుందో లెక్క చూడండి. వైల్‌లో 100 మైక్రోలీటర్లు, మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము యాంటీబాడీ, దాంతోపాటు 1 శాతం బీఎస్ఏ. అంటే యాంటీబాడీ 100 మైక్రోగ్రాములైతే బీఎస్ఏ 1000 మైక్రోగ్రాములు. బరువులోనే పది రెట్లు. యాంటీబాడీ దాదాపు 150 కిలోడాల్టన్లు (అణువు బరువు కొలత), బీఎస్ఏ సుమారు 66 కాబట్టి అణువుల లెక్కన ఒక్కో యాంటీబాడీకి ఇరవైకి పైగా బీఎస్ఏలు ఉంటాయి. లేబులింగ్‌కి వాడే ఎన్‌హెచ్ఎస్ ఎస్టర్ రకం డై వెతికేది లైసిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) మీదున్న అమైన్ అనే భాగాన్ని. ఒక్క బీఎస్ఏలోనే 59 లైసిన్లున్నాయి. అది యాంటీబాడీదా, బీఎస్ఏదా అని డై చూడదు. ఎక్కువ ఉన్నదానికే ఎక్కువ అంటుకుంటుంది. వేలు పోసి కొన్న డై దాదాపు అంతా బీఎస్ఏ పాలవుతుంది. పైగా ఆ రంగు పట్టిన బీఎస్ఏ స్లైడ్ మీద ఎక్కడపడితే అక్కడ అంటుకుని బ్యాక్‌గ్రౌండ్ మొత్తం వెలుగుతుంది. అప్పుడు యాంటీబాడీ పనిచేయలేదనుకుని నెలల తరబడి కండిషన్లు మారుస్తూ కూర్చునే స్కాలర్ గురించే నా బాధంతా.

బీఎస్ఏ కలపడం కల్తీ అని నేననడం లేదు. పలచగా ఉన్న యాంటీబాడీ ట్యూబ్ గోడలకి అంటుకుపోతుంది, ఫ్రీజ్ చేసి కరిగించినప్పుడు పాడవుతుంది. దాన్ని కాపాడటానికే బీఎస్ఏ గానీ జెలటిన్ గానీ కలుపుతారు. వెస్టర్న్ బ్లాట్‌కి నేరుగా వాడుకునేవాళ్లకి అది మంచిదే. లేబులింగ్‌కని రాసిచ్చినా అది పంపడమే తప్పు.

మాకు విషయం తేలింది నానోడ్రాప్ (చుక్క శాంపిల్ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే మెషీన్) దగ్గర. డై ముట్టుకోకముందే 2 మైక్రోలీటర్లు పెట్టి 280 నానోమీటర్ల దగ్గర చూశాం. మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఐజీజీకి (మా యాంటీబాడీ ఈ రకమే) దాదాపు 1.4 రావాలి. వచ్చింది 8 దాకా! వైల్ మీద 1 అని రాసి ఉంటే మెషీన్ దాదాపు 6 మిల్లీగ్రాములని చూపిస్తోంది. ఆ తర్వాత ప్రొటీన్లని బరువు ప్రకారం విడదీసే రెడ్యూసింగ్ జెల్ నడిపితే 66 దగ్గర లావుపాటి బీఎస్ఏ బ్యాండ్, 50, 25 దగ్గర యాంటీబాడీ భాగాలైన హెవీ, లైట్ చెయిన్లు సన్నగా. మీరు కూడా వైల్ వచ్చిన రోజే ఈ రీడింగ్ తీయండి. కొద్దిపాటి శాంపిల్‌తో అయిపోతుంది, ఫిర్యాదుకి రుజువూ ఉంటుంది.

దీనికంటే పెద్ద మోసం తర్వాత జరిగింది. వైల్ వెనక్కి తీసుకోమంటే "ఓపెన్ చేశారు, కంపెనీ ఒప్పుకోదు" అని చెప్పి, 'బీఎస్ఏ రిమూవల్ కాలమ్' అంటూ ఇంకోటి అంటగట్టాడు. దానికీ డబ్బు తీసుకున్నారు. డబ్బా లోపలి కాగితం చదివితే అది మామూలు డీసాల్టింగ్ స్పిన్ కాలమ్, కటాఫ్ 40 కిలోడాల్టన్లు. అలాంటి కాలమ్‌లో ట్రిస్, గ్లైసిన్, అజైడ్ లాంటి చిన్నవి ఆగిపోతాయి, పెద్ద ప్రొటీన్లు బయటికి వచ్చేస్తాయి. 66 ఉన్న బీఎస్ఏ కూడా యాంటీబాడీతో కలిసి వచ్చేస్తుంది. కాలమ్‌కి ముందూ తర్వాతా జెల్ నడిపి చూశాం, 66 బ్యాండ్ ఏమాత్రం తగ్గలేదు. రాత్రంతా 10 కిలోడాల్టన్ల సంచిలో డయాలిసిస్ చేసినా ఇదే గతి.

100 కిలోడాల్టన్ల ఫిల్టర్లో తిప్పితే పోతుందని కొందరు సీనియర్లు చెప్తారు. కొంత పోతుంది, పూర్తిగా పోదు. ఫిల్టర్ కటాఫ్ అంత కచ్చితంగా ఉండదు, బీఎస్ఏలో జంటలుగా అతుక్కున్నవి 130 దాటుతాయి. మళ్లీ మళ్లీ కడుగుతుంటే యాంటీబాడీ కూడా పొరకి పట్టి తగ్గిపోతుంది. అమ్మోనియం సల్ఫేట్ ఉప్పు కలిపితే సగం సాచురేషన్ దగ్గర ఐజీజీ గడ్డకట్టి అడుగుకి దిగుతుంది, ఆల్బుమిన్ చాలావరకు పై ద్రవంలోనే ఉంటుంది. కుందేలు సీరం మిల్లీలీటర్ల లెక్కన ఉన్నవాళ్లకి అది పనికొస్తుంది. 100 మైక్రోగ్రాముల వైల్ మీద ప్రయోగించకండి, అడుగున ఏమీ కనబడదు.

మాకు పనిచేసింది ప్రొటీన్ జి, అంటే రెజిన్ గుళికలకి అతికించి అమ్మే ఒక బ్యాక్టీరియా ప్రొటీన్. అది యాంటీబాడీని పట్టుకుంటే బీఎస్ఏ, జెలటిన్ వాష్‌లో పోతాయి. ఇక్కడ కూడా కొనేటప్పుడు చూసుకోవాలి. సహజంగా దొరికే ప్రొటీన్ జి ఆల్బుమిన్‌ని కూడా పట్టుకుంటుంది, అందుకని ఆ భాగం తీసేసిన రీకాంబినెంట్ (జన్యువు మార్చి తయారుచేసిన) రకమే కావాలని అడగండి. మౌస్ ఐజీజీ1 (ఐజీజీలో ఒక ఉపరకం) ఇలాంటిదే అయిన ప్రొటీన్ ఎకి సరిగ్గా అతకదు. కుందేలుదైతే ప్రొటీన్ ఎ చాలు, మేకదైతే జి వాడాలి. కోడిగుడ్డు నుంచి తీసిన ఐజీవై ఈ రెండింటికీ అంటదు. పట్టుకున్న యాంటీబాడీని 2.7 పీహెచ్ గ్లైసిన్‌తో దించి, వెంటనే ట్రిస్ కలిపి ఆమ్లాన్ని చల్లార్చాలి, లేకపోతే యాంటీబాడీ దెబ్బతింటుంది. గ్లైసిన్‌లోనూ ట్రిస్‌లోనూ అమైన్లుంటాయి కాబట్టి అలాగే డై వేయకూడదు. బైకార్బనేట్‌లోకి, 8.3 పీహెచ్‌కి మార్చుకోవాలి. ఆ మార్చడానికి మాత్రం డీసాల్టింగ్ కాలమ్ చక్కగా పనికొచ్చింది. బీఎస్ఏ తీసేశాక యాంటీబాడీని అలా ఉంచేయకుండా త్వరగా లేబుల్ చేసేయండి. నిల్వకి బీఎస్ఏ కావాలనుకుంటే లేబులింగ్ అయ్యాక కలుపుకోవచ్చు.

ఇంత చేసినా చేతికొచ్చేది మొదట ఉన్నంత ఉండదు. 100 మైక్రోగ్రాముల్లో కొంత రెజిన్‌లో, కొంత ట్యూబుల్లో పోతుంది. శుభ్రం చేసుకుంటే సరిపోతుందిలే అని డీలర్ చెప్పే మాట నమ్మి చవకదానికి ఒప్పుకోకండి. రెజిన్ ఖర్చు, పోయిన యాంటీబాడీ కలిపితే బీఎస్ఏ లేనిది కొనడమే నయం.

పీవోలో 'ప్యూరిఫైడ్' అన్న మాట ఒక్కటే ఉంటే చాలదు. ప్యూరిఫై చేశాక కూడా బీఎస్ఏ కలుపుతారు. 'బీఎస్ఏ, జెలటిన్, ట్రిస్, గ్లైసిన్, అజైడ్ లేనిది, బఫర్ పీబీఎస్' అని విడిగా రాయించండి (పీబీఎస్ అంటే అమైన్లు లేని ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం), పూర్తి క్యాటలాగ్ నంబర్ చివరి అక్షరం దాకా వేయించండి. ఆ లాట్ డేటాషీట్ సరుకు కంటే ముందు మెయిల్‌లో రావాలని అడగండి. స్టోర్స్‌లో సంతకం పెట్టేముందు వైల్ నంబర్‌నీ పీవో నంబర్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. మార్చి చివర్లో గ్రాంట్ ఖర్చు లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ టెన్షన్ ఉంటుంది, సరుకు వస్తే చాలని అందరం తొందరపడతాం. మాకు ఈ వైల్ వచ్చింది కూడా అప్పుడే.

రెండు జెల్ ఫొటోలు, నానోడ్రాప్ రీడింగ్, పీవో కాపీ జతచేసి మా గైడ్ మేడమ్ పర్చేజ్ సెక్షన్‌కి ఫిర్యాదు ఇచ్చారు, బిల్లు ఆపించారు. డీలర్ ఇప్పుడు వైల్ మార్చి ఇస్తానంటున్నాడు, కాలమ్ డబ్బు గురించి మాత్రం మాట్లాడటం లేదు. మీకూ ఇలాగే 'రిమూవల్ కాలమ్' అమ్మి ఉంటే కింద రాయండి, మా ఫిర్యాదుతో కలిపి పంపుతాం.